పంది కోసిన రోజు నాయిన సుజాతనే పిలిచాడు

మా చిన్నప్పుడు... శేరిలింగంపల్లిలో మా రేకుల ఇంటి వెనక ఎప్పుడూ ఒక పంది ఉండేది. రోజూ దానికి కుడితి పోసేది నేనే. ఏటా పండక్కి ఇంటి దగ్గరే కోసేవాళ్ళం.

ఆ ఏడు చందానగర్ నుంచి మా చిన్నాయన కూతురు సుజాత కూడా వచ్చింది. నా ఈడుదే.

నాయిన, చిన్నాయన కలిసి పంది కాళ్ళు కట్టి పడుకోబెట్టారు. నెత్తురు నేలపాలు కాకుండా పట్టమని నాయిన గిన్నె నా చేతికిచ్చాడు. ఎంత గర్వమో నాకు... అది అరిచేదాకా. ఆ అరుపుకి గిన్నె అక్కడే వదిలేసి ఇంట్లోకి ఉరికాను.

తలుపు సందులోంచి చూస్తే గిన్నె సుజాత చేతిలో ఉంది. చుక్క కింద పడనివ్వలేదు.

"దీని చెయ్యి వణుకలే సూడు," అన్నాడు నాయిన మా అమ్మతో.

అంతే... ఇక ఆ రోజంతా సుజాతే. గడ్డి మంట మీద వెంట్రుకలు కాల్చేటప్పుడు సుజాత. వేడినీళ్ళు పోసి తోలు గీకేటప్పుడు, పసుపు పూసేటప్పుడు సుజాత. నేను బయటికొచ్చి పక్కనే నిలబడ్డా నాయిన నన్ను పిలవలేదు. నిప్పుల మీద కాల్చిన కార్జం మొదటి ముక్క కూడా సుజాత నోట్లోనే పెట్టాడు.

అమ్మ నాకు పళ్ళెం నిండా పెట్టింది. అంతా తిన్నాను... సుజాత కన్నా ఎక్కువే తిన్నాను. అయినా కుళ్ళు తగ్గలేదు.

వచ్చే పండక్కి పారిపోనని ఒట్టు పెట్టుకున్నాను. ఈలోపు మా చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. వాసనొస్తోందని అందులోవాళ్ళు గొడవ పెట్టారు. నాయిన కొత్తగా తెచ్చిన పందిని అమ్మేసి, ఆ అపార్ట్‌మెంట్లలోనే ఒకదానికి వాచ్‌మన్‌గా చేరాడు.

నేను చదువుకుని మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరాను. నాయిన ఇప్పుడు నాతోనే, నిజాంపేట ఫ్లాట్‌లో ఉంటాడు. సుజాత శంకర్‌పల్లి దగ్గర పందుల్ని పెంచుతుంది. పండగొస్తే ఇంటి దగ్గరే కోయిస్తుంది. పెదనాయిన రావాల్సిందేనని ముందే ఫోన్ చేస్తుంది.

మొన్న నేనూ వెళ్ళాను. పంది అరిచినా కదల్లేదు. చున్నీ నడుముకి బిగించి, నాకూ ఏదైనా పని చెప్పమన్నాను.

"నువ్వు గా కుర్చీల కూసో బిడ్డా, బట్టలు ఖరాబైతయ్," అన్నాడు నాయిన. అని అటు తిరిగి, "సుజాతా, జర కత్తి అందియ్యి," అన్నాడు.

ఇంత వయసొచ్చింది... ఆ కుర్చీలో కూర్చుని చిన్నపిల్లలా కుళ్ళుకున్నాను.

ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే చాలు, కోసి కడిగిన మాంసం డబ్బాలో తలుపు దగ్గరికొస్తుంది. ఎవరూ ఎవర్నీ సాయం పిలవక్కర్లేదు... మీ ఇళ్ళలో ఇలాంటి రోజున పెద్దవాళ్ళు ఎవర్ని పిలిచేవాళ్ళు? రాయండి. మిమ్మల్నే అంటే మాత్రం... కుళ్ళుకుంటూ చదువుతాను.