ఎదుటి గట్టు నుంచి చూసినామె

పదవీవిరమణకు ముందటి సంవత్సరం మాఘమాసంలో నన్ను నారాయణగూడలోని ఒక పాత మెట్లబావి వద్ద డిజిటల్ నమోదు అధికారిగా నియమించారు. అక్కడ వారంరోజులు మాత్రమే నిలిచే చిత్రాన్ని, చెరిపిన పిమ్మట కూడా జనులు అంతర్జాలంలో మెట్టుమెట్టూ దిగి చూడగలిగేటట్లు పునర్నిర్మించడం మా పని.

చిత్రకారుడు చిక్కడపల్లిలో దుకాణాల బోర్డులు రాసిన యాదగిరిగారు. ప్రాచీన కట్టడానికి హాని కలుగరాదు గనుక, కడిగితే పోయే సుద్ద, ఎర్రమట్టి మాత్రమే అనుమతించాము. మెట్ల నిలువు ముఖాలపై ఆయన ముక్కలుగా గీసినదంతా ఎదుటి గట్టు నుంచి చూస్తే, కడవ ఎత్తుకొన్న స్త్రీగా కలిసేది.

నమోదు ఆరంభమైన తరువాత చిత్రాన్ని తాకరాదన్నది మా నియమం. సాంకేతికురాలు శైలజ వందలాది ఛాయాచిత్రాలు తీసి, వాటిని కూర్చి, ఆఖరిరోజు మధ్యాహ్నానికి తెరపై తిప్పి చూడగల నమూనా సిద్ధపరచింది. మరునాడు ఉదయం మెట్లు కడిగివేయాలి. యాదగిరిగారు మాత్రం పని ముగిసిందని ఒప్పుకోలేదు.

“బోర్డు రాసినంక మా ఇంటామె రోడ్డుకు అవుతల నిలబడి చూస్తుండె సార్. ఆమె సరే అంటెనే నేను నిచ్చెన దిగేటోన్ని. ఇప్పుడు ఆమె మోకాళ్లు పోయినయ్, ఈడిదాక రాలేదు” అన్నారు.

నమూనా తీసుకొని అశోక్‌నగర్‌లోని వారి ఇంటికి వెళ్లాము. ఆయన భార్య లక్ష్మమ్మగారు తెరపై బావిని అటూ ఇటూ తిప్పి, ఎదుటి గట్టు చేరి ఆగారు.

“ఏందయ్యా, కడవ ఎత్తుకున్నదా, ఇసిరేస్తున్నదా? చెయ్యి జర కిందికి దింపు.”

“మంచిగనే ఉన్నది గద.”

“దగ్గరికెళ్లి చూస్తె నీకన్నీ మంచిగనే ఉంటయ్. పెండ్లయిన కాడికెళ్లి గదే మాట.”

యాదగిరిగారు నవ్వి, నావైపు చూశారు. చెయ్యి మార్చి తీసే సాయంకాలపు ఛాయాచిత్రాల నీడలు పొద్దుటివాటితో కలవవు గనుక నమోదు మొదటినుంచీ చేయాలి. మిగిలినది సాయంకాలపు వెలుతురు మాత్రమే. నేను శైలజ ముఖం చూశాను. “చేద్దాం సార్, వెలుగు పోకముందే నడవండి” అన్నది.

బావికి తిరిగి వచ్చి, ఆయన తడిగుడ్డతో ఆ చేతిని తుడిచి మరల గీశారు. శైలజ మెట్లన్నీ రెండవమారు దిగింది. రాత్రికి కొత్త నమూనాను లక్ష్మమ్మగారి ఫోనుకు పంపాము. ఆమె వెంటనే భర్తకు ఫోను చేశారు.

“ఆ, గిప్పుడు ఎత్తుకున్నది. అన్నం తిన్నవా లేదా?”

మరునాడు మెట్లు కడిగించాను.

కృతి ఎట్లున్నదో నమోదుచేసేవాడు చెప్పగలడు. ముగిసినదని చెప్పే అధికారం అతనిది కాదు. ఉద్యోగంలో మిగిలిన ఆ కొద్దికాలమూ, కెమెరాలు నిలపకముందే ప్రతి చిత్రకారునీ ఒకటే అడిగాను: ఎవరు చూస్తే మీ పని పూర్తయినట్లు?