అత్తయ్యగారి మూడో స్టేజి

మహాజనులారా, కొత్తపేటలో మా ఎదురింటి అత్తయ్యగారు పోయిన నెలలో పోయారు. ఆవిడ గురించి కన్నీళ్ళు పెట్టించేలా రాయడం చేతకానందుకు, ఆవిడ పదోరోజున ఎనిమిది గారెలు తిన్నందుకు, జువాలజీ డిగ్రీ ఉండి కూడా కప్ప దాటి ఏమీ తెలియనందుకు నన్ను మన్నించాలి.

ఆ డిగ్రీ చూసే ఆవిడ నన్ను కాకినాడ ఆస్పత్రికి తోడు తీసుకెళ్ళేవారు. ఆవిడకి వెనకా ముందూ ఎవరూ లేరు, ఒక కొబ్బరితోట తప్ప.

“ఏరా జువాలజీ, ఆ కాగితంలో ఏముందో చదువు” అన్నారు ఇంటికొచ్చాక.

టి మూడు, ఎన్ ఒకటి, ఎమ్ సున్నా. డాక్టరుగారు చెప్పిందే అప్పజెప్పాను: మొదటిది రొమ్ములో గడ్డ ఎంతుందో, రెండోది చంకలో బిళ్ళలకి పాకిందో లేదో, మూడోది దూరాన ఎముకలకో ఊపిరితిత్తులకో చేరిందో లేదో. అన్నీ కలిపితే మూడో స్టేజి.

ఆవిడ తోటకేసి చూశారు.

“అంతేనా. చెట్టుకి పురుగు తొలిచిన కన్నం ఎంత, పక్కచెట్టుకి పాకిందా, కాలవ దాటి అవతలి తోటకెళ్ళిందా. కాలవ దాటలేదుగా?”

“లేదండి.”

“మరా ఏడుపు మొహం ఎందుకురా? కాఫీ పెడతాను.”

ఆ కాఫీలో పంచదార రెండుసార్లు పడింది. ఇద్దరం గ్లాసు అడుగుదాకా తాగేశాం.

మందులకి జుట్టంతా ఊడింది. “తలనీలాలిద్దామంటే ముందే ఎవరో పట్టుకుపోయారు స్వామీ” అని అప్పనపల్లిలో దేవుడికి గట్టిగానే విన్నవించుకున్నారు. నేనొక్కణ్ణే నవ్వాను.

ఆర్నెల్లకి గడ్డ తగ్గింది. మూడు నించి రెండుకి దిగిందని ఆవిడ వీధంతా చెప్పుకున్నారు. మూణ్ణెల్లకోసారి పరీక్షకి రమ్మంటే మానేశారు. “దిగిపోయినదానికి మళ్ళీ బస్సెక్కడం ఎందుకురా? తోటలో కాయ దింపుల పనుంది.” కాకినాడ బస్సు హారను వినపడ్డప్పుడల్లా ఆవిడ అరుగుదాకా వెళ్ళి వెనక్కొచ్చేవాణ్ణి. రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి నడుంనొప్పి. డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పట్టి చూశారు.

“వెన్నుకి చేరిందమ్మా. ఇన్నాళ్ళూ రాలేదేం?”

“రెండుకి దిగిందన్నారండి.”

“మొదట వేసిన స్టేజే ఉంటుందమ్మా. గడ్డ తగ్గినా ఆ అంకె దిగదు. దిగుతుందని ఎవరు చెప్పేరు?”

నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను.

“ఎవరో బస్సులో అన్నారండి” అన్నారావిడ.

బస్సులో ఎవరూ అనలేదు. గడ్డ తగ్గిన రోజున అరుగు మీద కొబ్బరాకు ఈనెలు తీస్తూ, “అయితే రెండుకి దిగినట్టేనంట్రా?” అని ఆవిడ నన్నడిగారు. కాదంటే ఆ మొహం ఏమవుతుందోనని భయమేసింది. “ఆయ్, దిగినట్టేనండి” అన్నాను. నేను చేసిందల్లా అంతే. ఆవిడ చేతిలో ఈనె పక్కన పెట్టి, గోడకి జారబడి, ఎన్ని నెలలకో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు.