గంటగోడ మీది రెండో గీత

ఉదయగిరి చర్చిలో వేలాడే సిరా బొమ్మను చూసినవాళ్లు, ముసలితనంలో చెయ్యి వణికింది పాపం అంటారు. గంట కట్టిన గోడ దగ్గర గీతలు జంటలుగా, వంకరగా ఉన్నమాట నిజమే. ఆ బొమ్మ గీసింది ఆత్మకూరులో నాకు డ్రాయింగు నేర్పిన మాస్టారు. ఆ వంకర గీతలు మాత్రం ఆయనవి కావు.

యాభైల నాటి మాట. వానలకు చర్చి ముందరి గంటగోడ పగిలి ఒరిగింది. ఎవరి మీద కూలుతుందోనని పడగొట్టాలనుకున్నారు. అంతకుముందే బొమ్మ గీస్తానని మాస్టారు పట్టుబట్టారు. అప్పటికి నేనూ బడిపంతుల్ని, తోడుగా వెళ్లాను.

ఆయన ఎండలో స్టూలు వేసుకుని కూర్చుంటే, కూలీలు గడ్డపారలతో వెనకాలే నిలబడ్డారు.

"అయివోరా, బిన్నా కానీండి. మీరు గీసేలోపల అదే పడేటట్టుండాది," అన్నాడు మేస్త్రీ.

"పడితే పడేదాన్నే గీస్తాలేరా. నువ్వు అడ్డం జరుగు."

కరక్కాయలు, తుప్పుమేకులు కాచి ఆయన చేసుకునే సిరా అది. బడిలో మమ్మల్ని దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

గీయడం ముగించి, "నేను వచ్చిందాకా ముట్టుకోబాక," అని నాతో చెప్పి, పాస్టరుగారి వరండాలో నడుం వాల్చారు. గడ్డపారలు లేచాయి. గోడ కూలింది.

దుమ్ము దులుపుకుంటూ మేస్త్రీ బొమ్మలోకి తొంగిచూశాడు. "ఏంది సారూ, ఇందులో గోడ యాడుండాది? నీళ్లతో గీసినాడా ఏంది ముసలాయన?"

అందరూ నవ్వుకుంటూ రాళ్లు ఎత్తడానికి వెళ్లారు. నిజంగానే గీతలు కనీకనిపించకుండా ఉన్నాయి. మళ్లీ గీద్దామంటే ఎదురుగా రాళ్లకుప్ప. ఆయన పరువు పోతుందనిపించింది. జేబులోని పెన్ను తీసి, ఆ గీతల మీదే గబగబా దిద్దాను.

కరక్కాయ సిరా గాలి తగిలి మెల్లగా నల్లబడుతుందని నాకు తెలియదు. మాస్టారు వచ్చేసరికి ఆయన గీతలు నల్లగా తేలాయి. వాటిని ఒరుసుకుంటూ నావి.

"చెయ్యి వణికినట్టుండాదే అయివోరా!" అన్నాడు మేస్త్రీ.

మాస్టారు సిరా అంటిన నా వేళ్లు చూశారు. "అవునప్పా, వణికింది," అన్నారు. నేను ఆ వేళ్లు వెనక్కి దాచుకున్నాను. ఆ తర్వాత ఆయనను బొమ్మ గీయమని అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు నా పెన్నులోని అంగడి సిరా లేతనీలంగా వెలిసింది. ఆ చర్చికి వెళితే, పక్కనున్న మాస్టారి నల్లగీత వెంట కింది నుంచి పైదాకా చూడండి. గోడ ఎంత ఒరిగిందో అంతే ఉంటుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా.