దేవుణ్ణి తిట్టనిచ్చిన సుగుణమ్మ

నిన్న సాయంత్రం ఫాక్‌లాండ్ రోడ్ దాటి మా గల్లీలోకి తిరిగానో లేదో, తడిపిన తునికాకు వాసన గుప్పుమంది. ఇప్పుడు మా చాళ్లలో, ఈ ఒంటిగది ఇళ్ల వరసల్లో, బీడీలు చుట్టేవాళ్లు ఎవరున్నారు గనక! పిల్లలంతా మరాఠీలో మాట్లాడుకుంటూ మొబైల్ షాపుల్లోకి, డెలివరీ బండ్ల మీదికి పోయారు. కింది అంతస్తులో ఏ ముసలావిడో ఇంకా చుడుతున్నట్టుంది. ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. కళ్లు చెమర్చాయని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది కానీ అది అబద్ధం. నాకు కోపం వచ్చింది. సుగుణమ్మ గుర్తొస్తే నాకు ముందు వచ్చేది కోపమే. ఆమె మీద కాదు. "ఎంతమందిని ఆదరించిందో మహాతల్లి" అంటూ ఆమె శవం ముందు నోరారా పొగిడిన పెద్దమనుషుల మీద. ఆమె బతికుండగా మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకుని పోయినవాళ్లే వాళ్లంతా.

సుగుణమ్మది మా చాలులో రెండో అంతస్తు, మా పక్క ఖోలీ, మాలాగే ఒక్కటే గది. మా తాతల్లాగే ఆమె అత్తమామలూ పాలమూరు వైపు నుంచి ఈ ఊళ్లో మేడలు కట్టడానికి వచ్చినవాళ్లు. మొగుడు తాగి తాగి పోయాడు. ఒక్కతే కూతురు, మేరీ. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఖోలీలో బీడీలు, ఆదివారం ప్రార్థన. చాప పరిచి, పొగాకు దుమ్ము దులిపి, చేట మంచం కిందికి నెట్టేది. ధారావి నుంచి పాస్టరుగారు వచ్చి వాక్యం చెప్పేవాడు. ఒకసారి ఆయన అందరి ముందూ, "బీడీలు చుట్టే చేతులతో ప్రార్థన చేస్తే దేవుడు వింటాడా అమ్మా?" అన్నాడు. "గీ చేతులు గాక నాకు ఇంకో జత లెవ్వు అయ్యగారూ" అంది ఈమె, చాప సర్దుతూనే. ఆయన ముఖం మాడిపోయింది. మనిషి మాట అంతే. పెదవులకు తేనె రాసుకుని మాట్లాడటం ఆమెకు చేతకాదు.

మాది పోచమ్మను కొలిచే ఇల్లు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అన్న నర్సింలుకు కామెర్లు ముదిరినప్పుడు సుగుణమ్మ వచ్చి పక్కన కూర్చుని ప్రార్థించిందని, వాడు కోలుకున్నాక అమ్మ ఆదివారాలు ఆ ఖోలీకి పోవడం మొదలుపెట్టింది. అన్ననూ వెంట తీసుకుపోయేది. నేను మాత్రం పోయేదాన్ని కాదు. నాగ్‌పాడాలో ఒక కుట్టు కార్ఖానాలో పని, ఆదివారం ఒక్కనాడే నిద్ర. దేవుడికి నా నిద్ర ఎందుకు ఇవ్వాలని వాదించేదాన్ని.

ఆ రోజుల్లోనే అన్న, కట్టుబడి పనిలో ఉండగా, ఒక కొత్త బిల్డింగు పరంజా మీద నుంచి పడిపోయాడు. ఆస్పత్రికి చేరకముందే అయిపోయింది. ఆ రోజు నుంచి అమ్మ నోట మాట లేదు, నోట్లోకి ముద్ద లేదు. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే. అన్న ఎలాగూ రాడు. అమ్మ కూడా పోతుందేమోనన్న భయంతో నాకు నిద్ర పట్టేది కాదు. చూడటానికి వచ్చిన చుట్టాలు ఊరికే పోతారా? "పోచమ్మను ఇడిసిపెట్టి గా ప్రార్థనలెంబడి పోయినవ్. తల్లి ఊకుంటదా మరి?" అని ఒక పెద్దమ్మ అననే అంది. కొడుకును పోగొట్టుకున్నదాని ముఖం మీద!

ప్రార్థనకు పోయేవాళ్లలో ఒక పద్ధతుంది. చావు జరిగిన కొన్నాళ్లకు ఆ ఇంట్లో అందరూ చేరి పాటలు పాడి, వాక్యం విని, ప్రార్థించి, టీ తాగి పోతారు. దాన్ని ఆదరణ కూడిక అంటారు. మామూలుగా అన్నీ పాస్టరుగారే కానిస్తాడు, ఏడ్చేవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటారు. మా చాలులో మాత్రం సుగుణమ్మ ఇంకొకటి కలిపింది. చివరి ప్రార్థన మనిషిని పోగొట్టుకున్నవాళ్లే చేయాలి. "నీ మనిషి పోయిండు. నీ మాట నువ్వే చెప్పు" అనేది. కొందరు రెండు ముక్కలు గొణిగేవాళ్లు, కొందరు బావురుమనేవాళ్లు. ఇదేం రాక్షసత్వమని నేను అనుకునేదాన్ని.

మా ఇంట్లో కూడికకు పాస్టరుగారు వచ్చాడు. బాగానే మాట్లాడాడు, గొంతు మంచిది. బిడ్డ మంచిచోటికి పోయాడన్నాడు. ఏడవడం అవిశ్వాసమన్నాడు. స్తుతించాలన్నాడు. ఆ తర్వాత, "మన విశ్వాసంలో ఎక్కడో లోటుంటే దేవుడు ఇలా కూడా మాట్లాడతాడు" అన్నాడు. పెద్దమ్మ అన్నదానికి, ఈయన అన్నదానికి తేడా ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకరు పోచమ్మ పేరు చెప్పి తన్నారు, ఇంకొకరు ప్రభువు పేరు చెప్పి తన్నారు. తగిలింది మా అమ్మకే.

ఆయన ముగించగానే సుగుణమ్మ అమ్మ పక్కన చేరి, "యాదమ్మా, చివరి ప్రార్థన నువ్వు చెయ్" అంది. నేను ఆమెను గెంటేసేదాన్నే. అంతలో అమ్మ తలెత్తింది. ఎన్నాళ్లకో విన్న ఆ గొంతు బొంగురుగా ఉంది.

"ఓ దేవుడా, నీకు కండ్లు లెవ్వా? నా కొడుకు ఆదివారం తప్పకుంట నీ కాడికొచ్చిండు. కాలు జారేటప్పుడు నీ చెయ్యి ఏడ వెట్టుకున్నవ్? నీకూ కొడుకుండె గద, నీకు తెల్వదా? నీ కొడుకు నీకు మూన్నాళ్లకు మళ్ల దొరికిండు. నా కొడుకును నాకెవడిస్తడు? థూ, నీ దేవునితనం పాడుగాను!"

"ఆమెన్" అంది సుగుణమ్మ, గట్టిగా, గల్లీలోకి వినబడేటట్టు.

పాస్టరుగారు లేచి నిలబడ్డాడు. "ఇది దైవదూషణ! దీనికి ఆమెన్ అంటావా?"

"పోరడు పోయినప్పటిసంది ఈమె ఎవ్వలతోని మాట్లాడలె అయ్యగారూ" అంది ఆమె. "ఇయ్యాల ఆయనతోని మాట్లాడింది. మనిషి ఉన్నడనుకుంటెనే గద కొట్లాడేది? లేడనుకున్నోళ్లు కొట్లాడరు, ఊకుంటరు. ఊకున్నందుకే నాకు భయమైంది."

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది, ముక్కు చీదుకుంది, ఎవరో అందించిన టీ తాగింది. నేను ఆ ఖాళీ గ్లాసు పట్టుకుని వరండాలోకి పోయి ఏడ్చాను.

మర్నాటి నుంచి సుగుణమ్మ మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. పొద్దున్నే తలుపు బాదేది. "చల్ యాదమ్మా, నల్లా వచ్చింది, బిందె వట్టు." మధ్యాహ్నం తన చేట తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టి, "నాకు నడుం నొస్తుంది, ఆకు కత్తిరించు" అనేది. జొన్నరొట్టె ముక్క చేతిలో పెట్టి తినేదాకా కదిలేది కాదు. ఒకరోజు నాకు ఒళ్లు మండి, "ఆమెను కాసేపు పడుకోనియ్యరాదా అత్తా? గింత కఠినమా?" అన్నాను. "ఓదార్పంటె పండవెట్టి జోకొట్టుడు గాదు బిడ్డా, నిలవెట్టుడు. పండుకున్నోళ్లు అట్లనే పోతరు. నా మొగుడు పోయినప్పుడు నేను పండుకున్న, నాకెరుక" అంది. ఆమె తన గురించి నాతో చెప్పుకున్నది ఆ ఒక్క ముక్కే.

అమ్మ చాలాకాలం దేవుణ్ణి తిడుతూనే ఉంది. స్టవ్ ముందు, నల్లా దగ్గర, ఆదివారం ప్రార్థనలో కూడా. ఒక ఆదివారం మాత్రం తిట్టలేదు. కింది ఖోలీ పిల్లకు జ్వరం తగ్గించమని అడిగింది. అడిగి, "నా మాట ఇంటవో ఇనవో నీ ఇష్టం" అని చివర్లో తగిలించింది. ఆ మాటకు సుగుణమ్మ నవ్విన నవ్వు నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, ఆ దేవుడితో కాపురం చేసినట్టే బతికింది.

ఇంత చేసిన మనిషికి దక్కిందేమిటి? పాస్టరుగారు ప్రార్థనను నాగ్‌పాడాలో ఒక హాలుకు మార్చాడు, ఖోలీ ఇరుకు అన్నాడు. జనం ఆయన వెంట పోయారు. సుగుణమ్మ చాప మీద అమ్మ, ఇద్దరు ముసలమ్మలు మిగిలారు. అమ్మ పోయాక ఒక వానాకాలం సుగుణమ్మ కూతురు మేరీ జ్వరంతో ఆస్పత్రిలో పోయింది. ఆదరణ కూడికకు ఆ పాస్టరుగారే వచ్చాడు, కీబోర్డు, మైకు పెట్టించి. పాటలయ్యాయి, వాక్యమయ్యింది. చివరి ప్రార్థన తనదని సుగుణమ్మ కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఆయన మైకు వదల్లేదు. "అమ్మగారు విశ్వాసంలో గట్టివారు, ఆమెకు మనం చెప్పేదేముంది" అని ఆశీర్వాదం ఇచ్చేశాడు. బిస్కెట్ల ప్లేటు తిరిగింది. ఎంత మర్యాదగా నోరు నొక్కారో!

అందరూ పోయాక నేనొక్కదాన్నే మిగిలాను. "నాకు నోరొస్తలేదు బిడ్డా" అంది సుగుణమ్మ. "నా తరపున నువ్వు అడుగు." నాకు ప్రార్థన రాదు, తిట్టడమైతే వచ్చు. ఆమె చెయ్యి పట్టుకుని తెలుగులో, హిందీలో, మరాఠీలో దేవుణ్ణి కడిగేశాను. పనిలోపనిగా పాస్టరునూ కలిపాను. "అయ్యగారిని ఇడిసిపెట్టు" అంది ఆమె. "ఆయన గుడ భయపడ్డడు, అంతే. జవాబు లేని ప్రశ్న ఇనాలంటె గుండె గావాలె." కొంగు తల మీది నుంచి దించుకుంది. "దేవుడు జవాబు చెప్తలేడు. గని పోతలేడు గుడ" అంది. ఆమె ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. ఆ కొద్దికాలమూ నేనే ఆదివారం ఆమె చాప మీద కూర్చున్నాను. నాలో విశ్వాసం పుట్టిందని ఎవరికీ చెప్పను. పోట్లాట మొదలైంది, అది ఆగలేదు, అంతవరకు నిజం.

పోయిన నెల మా వెనక గల్లీలో కొత్త టవరు పని దగ్గర ఒక కూలీ పడి చనిపోయాడు. పాలమూరు నుంచి వచ్చినవాడే. పెళ్లాం బాలమణి రేకుల షెడ్డులో నేల మీద పడి ఉంది. చుట్టూ ఆడవాళ్లు "రాత, ఏం జేస్తం" అంటున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎవరో నా గురించి చెప్పినట్టున్నారు, కళ్లు తెరిచి, "నువ్వు ప్రార్థన జేస్తవంట గద అక్కా. మీ దేవుడు ఏడున్నడు?" అంది.

"నాకూ తెల్వది చెల్లే" అన్నాను. "మా అన్న పడిపోయినప్పటిసంది నేనూ గదే అడుగుతున్న. లే, ఇద్దరం గల్సి అడుగుదాం."

ఆమె నా భుజం ఆసరా చేసుకుని లేచి కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే, "ఓ దేవుడా" అని తనే మొదలుపెట్టింది.