నీళ్ల మీద తేలిన తలపాగా

ఆదివారం పత్రికలో వచ్చే జంతువుల బొమ్మల కథను మనవరాలికి చదివి వినిపించవద్దని మా కోడలు మొన్న గట్టిగానే చెప్పింది. ఎలుకను ప్రేమించిన పిల్లి పెళ్లిచూపులకు వెళ్లి పెళ్లికూతురి అన్నలను పలహారం చేసేసిందట, పసిదానికి ఇలాంటివెందుకని ఆమె బాధ. నేను చదువుతూనే ఉన్నాను. మొండివాడినని ఇంట్లో అనుకుంటున్నారు, అనుకోనీ.

మన కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచకు మరాఠీ పత్రిక సాయంత్రం బస్సులో వచ్చేది, వానలు ముదిరితే అదీ లేదు. తహసీలు కచేరీలో కొత్తగా గుమాస్తాగా చేరిన నేను దాన్ని చంకలో పెట్టుకుని ఇల్లు చేరడమే ఆలస్యం, గోదావరి అవతలి నుంచి కాపురానికొచ్చిన, మరాఠీ అక్షరం రాని నా భార్య పీట జరుపుకుని కూర్చునేది. కొంగను ప్రేమించిన మొసలి బొమ్మల కథ అందులో వారం వారం వచ్చేది. మొసలి సిగ్గుపడుతూ ఎలా బతిమాలిందో, పెళ్లి మాటలకు వచ్చిన కప్పలు ఒక్కొక్కటీ ఎలా మాయమయ్యాయో నేను తెలుగులో చెబుతుంటే ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. పెద్దలు కుదిర్చిన పెళ్లే అయినా మా మధ్య ప్రేమ పుట్టింది ఆ మొసలి పుణ్యాన్నే.

మా తొలి బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ తర్వాత ఇంట్లో చావు మాట ఎవరమూ ఎత్తలేదు, పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా వానల గురించి మాట్లాడి వెళ్లేవారు. నేను ఇంకాస్త ముందుకు పోయి మొసలిని సాధువును చేశాను, కప్పలన్నీ విందు తిని ఇళ్లకు వెళ్లాయని చెప్పాను. ఆమె ఊ కొట్టడం కూడా మానేసింది. ఓదారుస్తున్నానని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను గానీ, నిజానికి ఆమె ఏడుపు ఎదుట కూర్చునే ధైర్యం నాకు లేదు.

ఒకనాడు పత్రిక లాక్కుని బొమ్మ మీద వేలు పెట్టింది.

“కొంగ నాయిన ఇంటికి పోయిండంటివి. మరి ఆయన తలపాగ నీళ్ల మీద తేల్తాందేంది?”

దొరికిపోయాను. ఉన్నది ఉన్నట్టు చదివాను. మా నాయన ఏడని కొంగ అడిగితే, “దీవిస్తనని దగ్గరికొచ్చిండు, నేనే జర ఎక్కువ దగ్గరికి తీసుకున్న” అంటుంది మొసలి.

ఎన్నో నెలల తర్వాత ఆమె నవ్వింది, పొలమారేలా నవ్వి, ఆ నవ్వులోనే భోరుమంది.

“బిడ్డ సచ్చిందని నాకు ఎరుకలేదా? అందరు దాసుడే. ఇగ నువ్వు గూడ మొసలి నోరు కుట్టవడితివి.”

ఆ రోజు మొదటిసారి ఇద్దరం బిడ్డ గురించి మాట్లాడుకున్నాం, ముక్కు ఎవరి పోలికో కూడా.

నిరుడు ఆమె పోయింది. నానమ్మ ఊరికి వెళ్లిందని ఇంట్లోవాళ్లు మనవరాలికి చెప్పబోతే నేను ఒప్పుకోలేదు, చనిపోయిందని నేనే చెప్పి, పక్కన కూర్చుని ఏడవనిచ్చాను.

ఇప్పుడు పత్రిక తెల్లారకముందే ఫోనులోకి వస్తుంది, మరాఠీ రానివాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. పసిదానికి తప్ప, ఒకరు చదివితే ఇంకొకరు వినాల్సిన అవసరమే పోయింది. నేను కథ మార్చి చెప్పినా, అబద్ధమని పట్టుకునే మనిషి ఇక లేదు.