నవ్వుల్లో దాచుకున్న ఊపిరి

నాటక సమాజంలో ఆయన్ని అందరూ సాక్షి అనే పిలుస్తారు. కోర్టు నాటకంలో దొంగ సాక్షి వేషం కట్టీ కట్టీ అసలు పేరు అరిగిపోయింది. పాలవాడు కూడా "సాక్షిగారూ, పాలు" అనే కేకేస్తాడు. పగలంతా ఇంట్లో భార్య మిషను మీద బట్టలు కుడుతుంటే ఈయన పక్కన కూర్చుని కాజాలు తీసి గుండీలు కుడతాడు. సాయంత్రమైతే థియేటరు. గొప్ప బతుకేమీ కాదు, అలాగని తీసి పారేయదగ్గదీ కాదు.

ఆ వేషానికి పేరు తెచ్చింది ఒక్క మాట. జడ్జి "దొంగను చూశావా?" అంటాడు. "చూశానండి. తమరిని అడిగానని చెప్పమన్నాడు" అంటాడు సాక్షి. హాలు గొల్లుమంటుంది. ఆ గోలలో ఈయన తల వంచుకుని చొక్కా గుండీ సవరించుకుంటాడు. ఎంత అమాయకంగా చేశాడో అనుకుంటారు చూసేవాళ్ళు. అమాయకత్వమూ లేదు, పాడూ లేదు. ఊపిరి తీసుకుంటున్నాడంతే. చిన్నప్పటి నుంచీ ఆయాసం మనిషి. మూడు ముక్కలు గట్టిగా అంటే నాలుగో ముక్కకు గాలి అందదు. అందుకని జనం ఎక్కడ నవ్వుతారో కనిపెట్టి, ఊపిరంతా అక్కడక్కడ దాచుకున్నాడు. వాళ్ళు నవ్వినంతసేపే ఈయనకు గాలి.

ఈ సంగతి తెలిసింది భార్య ఒక్కదానికే. ఎవరి బట్టల కుట్టు ఊడినా అప్పటికప్పుడు వేయాలి కాబట్టి ఆవిడ సూదీ దారం పట్టుకుని తెర పక్కనే నిలబడేది. ఊరంతా నవ్వినా ఆవిడ మాత్రం ఒక్కనాడూ నవ్విన పాపాన పోలేదు.

"అలా మొహం ముడుచుకుని నిలబడకపోతే ఓసారి నవ్వొచ్చుగా" అని దెప్పేవాడు.

"మీకు గాలి అందిందో లేదో చూసుకోవాలా, నవ్వాలా?" అనేది.

రానురాను జనం తగ్గారు. ఎవరిని అని ఏం లాభం? అరచేతిలో ఫోన్లోనే ఆట ఆడుతుంటే బస్సెక్కి వచ్చి, టిక్కెట్టు కొని, విరిగిన కుర్చీలో కూర్చోవడానికి ఎవడికి పట్టింది? మొదట్లో ముందు వరసలు ఖాళీగా ఉంటే వెనకవాళ్ళను ముందుకు రమ్మనేవారు. ఆఖరికి రమ్మనడానికి వెనక కూడా ఎవరూ లేకుండా పోయారు. సమాజం నడిపేది ఈయన మేనల్లుడే. పాపం వాడూ నానా తంటాలు పడ్డాడు. చివరికి నాటకాన్ని కెమెరాతో తీసి ఫోన్లలో పెడదామని తేల్చాడు.

"నీ వేషం చిన్న చిన్న ముక్కలుగా పెడితే బాగా పోతుంది మావయ్యా. ఇది కుదరకపోతే ఇక తలుపులు మూసుకోవడమే."

ఆ వేషం పోతే సాక్షికి మిగిలేవి కాజాలే. ఎలాగైనా అది చేతిలో ఉంటే చాలనుకుని సరేనన్నాడు.

తీసే రోజున హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. వాటి మధ్య మూడు కాళ్ళ మీద కెమెరాలు నిలబడ్డాయి. జడ్జి అడిగాడు. సాక్షి చెప్పాల్సింది చెప్పి, అలవాటు కొద్దీ ఆగి, గుండీ సవరించుకున్నాడు. చీమ చిటుక్కుమనలేదు.

"కట్. మాట మర్చిపోయావా మావయ్యా?"

"మర్చిపోలేదురా. అక్కడ నవ్వుతారు."

"ఎవరు?"

సాక్షి కుర్చీల వైపు చూశాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"నవ్వులు తర్వాత మేం పెట్టుకుంటాం. నువ్వు ఆగకుండా చెప్పుకుపో" అన్నాడు మేనల్లుడు.

చెప్పుకుపోవాలనే చూశాడు. మూడు ముక్కలు దాటేసరికి గొంతులో పిల్లికూతలు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అదే. చివరికి మేనల్లుడే దిగొచ్చాడు. "సరే, నీ ఇష్టమొచ్చిన చోట ఆగు. కంప్యూటర్లో కోసేస్తాలే." ఆ మాటతో సాక్షి ప్రాణం కుదుటపడింది. నా వేషం నాకే ఉందని ఇల్లు చేరేదాకా భార్యతో అంటూనే ఉన్నాడు.

కొన్నాళ్ళకు ఆ ముక్క ఫోన్లో వచ్చింది. మిషనుకు ఆనించి పెట్టుకుని ఇద్దరూ చూశారు. తెర మీద సాక్షి గడగడా మాట్లాడేస్తున్నాడు. ఎక్కడివో ముక్కూ మొహం తెలియని నవ్వులు మాట పూర్తి కాకముందే మీద పడుతున్నాయి. గుండీ సవరించుకోవడం ఒక్కచోటా లేదు. బాగానే ఉందే అనుకుంటూ ఆయన పక్కకు తిరిగాడు. భార్య గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"ఆపండి, చూడలేను" అంది. "ఎక్కడా ఊపిరి తీసుకోరేంటి?"

"కోసేశాడుగా."

"ఊపిరి కూడానా?"

ఆయన ఫోను ఆపి బోర్లా పెట్టాడు.

మర్నాడు మేనల్లుడు ఫోన్ చేశాడు. గొంతులో ఆనందం దాగడం లేదు. "అందరికీ నచ్చింది మావయ్యా. ఈసారి ఇంకాస్త స్పీడు పెంచుదాం."

"ఓ నలుగురిని కూర్చోబెట్టరా. దారినపోయే వాళ్ళయినా సరే."

"మైకులో గోల పడుతుంది. నీకు మరీ కష్టంగా ఉంటే చెప్పు, జడ్జి వేసేవాడు నీ వేషం కడతానంటున్నాడు."

సాక్షి "వాడికే ఇవ్వు. వాడికి గాలి బాగా ఆడుతుంది" అని ఫోను పెట్టేశాడు. కోపం తెచ్చుకుందామన్నా ఓపిక లేకపోయింది. వేషం పోయింది, పోనిమ్మన్నది తనే. సూదిలో దారం ఎక్కించబోతే ఎంతకీ ఎక్కలేదు.

భార్య మిషను ఆపింది. "ఆ కోర్టు ముక్క ఓసారి చెప్పండి."

"దేనికి? నువ్వు నవ్వవుగా."

"నవ్వను. చెప్పండి."

బతిమాలించుకోవడానికి కూడా ఓపిక లేక చెప్పాడు. "చూశానండి. తమరిని అడిగానని చెప్పమన్నాడు." చెప్పి ఆగాడు. తల వంచుకుని గుండీ సవరించుకున్నాడు. ఆవిడ మిషను మీంచి కాళ్ళు తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన రొమ్ము నిండా గాలి పీల్చుకునేదాకా కూర్చుంది.

"ఇప్పుడు తర్వాతది చెప్పండి" అంది.