గెలాక్సీ నడిబొడ్డున వెలుగుకి ఒక సైగ

పుణ్యవతికి నాలుగో ఏట మెదడువాపు వచ్చి వినికిడి పోయింది. మొండితనం మాత్రం అంతకు ముందునుంచే ఉందని వాళ్లమ్మ అంటుంది. చెవిటి పిల్లలకు సైన్సు అక్కర్లేదు, కుట్టుమిషన్ నేర్చుకుంటే చాలని బళ్లో చెబితే, పక్క బడి పిల్లల దగ్గర పుస్తకాలు అడిగి తెచ్చుకుని మరీ పరీక్ష రాసింది. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తోంది. ఆదివారాలు నిజాంపేటలోని తన ఫ్లాట్‌లో చెవిటి పిల్లలకు సైన్సు చెబుతుంది.

ఒక ఆదివారం కృష్ణబిలం పాఠం చెబుతూ, పిడికిలిలోకి అన్నిటినీ లాక్కుంటున్నట్టు సైగ చేసింది. పదో తరగతి చదివే కరుణ చెయ్యెత్తింది.

"వెలుతురు కూడా బయటికి రాదంటున్నారు కదా. మరి కొన్ని గెలాక్సీల నడిబొడ్డు అంతలా ఎందుకు మెరుస్తుంది? అక్కడుండేదీ కృష్ణబిలమేగా?"

"నాకు తెలియదు. తెలిసినవాళ్లనే అడుగుదాం," అంది పుణ్యవతి చేతులతో.

గచ్చిబౌలిలో ఒక హాల్లో అదే విషయం మీద ఉపన్యాసం ఉందని తెలిసింది. పిల్లల్నీ, సైగల భాష ఇంటర్‌ప్రెటర్ స్టెల్లానీ వెంటబెట్టుకుని వెళ్లింది. స్టెల్లా వేదిక పక్కన నిలబడగానే నిర్వాహకుడు చలపతిరావు గబగబా వచ్చాడు.

"ఇక్కడ నిలబడి చేతులు ఊపితే వీడియో పాడవుతుందండీ. వెనక్కి వెళ్లండి."

"వెనకకు పోతే పిల్లలకు ఏం కనవడది సార్," అంది స్టెల్లా.

"కనబడినా ఇవన్నీ వాళ్లకేం అర్థమవుతాయండీ, పాపం! టిఫిన్ తిని వెళ్లమనండి."

ఆ మాట చెప్పడానికి స్టెల్లా చేతులు రాలేదు. పుణ్యవతి ఆమె భుజం తట్టి, "ఒక్క ముక్క కూడా దాచొద్దు," అని సైగ చేసింది. మొత్తం తెలుసుకున్నాక మెట్లెక్కి నేరుగా వేదిక మీదికి వెళ్లి నిలబడింది. ఆమె చేతులు కదులుతుంటే స్టెల్లా హాలంతా వినబడేలా చెప్పింది.

"దిగాల్నంటే తనను మోసుకపొమ్మంటుంది సార్."

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త ప్రశాంతి నవ్వలేదు. "ఆ లైటు కాస్త వాళ్లమీదికి తిప్పండి," అని చెప్పి ఉపన్యాసం మొదలుపెట్టింది.

చివర్లో కరుణ తన ప్రశ్న అడిగింది. స్టెల్లా దాన్ని గొంతుతో చెప్పింది.

"బిలం వెలగదమ్మా," అంది ప్రశాంతి. "అందులో పడబోయే వాయువు వెలుగుతుంది. అది నేరుగా పడదు, చుట్టూ సుడి తిరుగుతుంది. ఒక పొర ఇంకో పొరని రాసుకుని విపరీతంగా కాగిపోతుంది. ఆ వెలుగంతా బిలం అంచుకి బయటే పుడుతుంది. ఒక్కోసారి దాని ముందు ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నీ కలిసినా వెలవెలబోతాయి. మన పాలపుంత మధ్యలోనూ బిలం ఉంది గానీ, ఇప్పుడు దానికి అందే వాయువు చాలా తక్కువ."

స్టెల్లా పాత సైగతోనే చెప్పబోతుంటే పుణ్యవతి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఎడమ పిడికిలి కదలకుండా ఉంచింది. కుడిచేతి వేళ్లని దాని చుట్టూ తిప్పుతూ, వేగం పెంచుతూ దగ్గరికి తెచ్చింది. పిడికిలిని తాకేలోపే వేళ్లన్నీ ఒక్కసారిగా విప్పింది.

కరుణ కళ్లు పెద్దవయ్యాయి. మరుక్షణం పిల్లల వరసంతా చేతులు తిప్పుతోంది. ప్రశాంతి కూడా ప్రయత్నించి పిడికిలిని తాకాక వేళ్లు విప్పింది. కరుణ అడ్డంగా తలూపి, వేదికెక్కి ఆమె వేళ్లు సరిచేసింది.

తర్వాత బయటికొచ్చిన వీడియోలో ఆ భాగమంతా కోసేశారు. పుణ్యవతి నిర్వాహకులకి ఉత్తరం రాసింది. జవాబు లేదు. పిల్లల్ని తన బిల్డింగ్ టెర్రస్ మీద నిలబెట్టి, ఆ పాఠమంతా సైగల్లో చెప్పించి, వీడియో తీసి నెట్‌లో పెట్టింది. ఆ సైగ ఊళ్లోని చెవిటి పిల్లల హాస్టళ్లకి పాకింది.

మరుసటి నెల ఉపన్యాసానికి ఆమె అందరికంటే ముందే వెళ్లి, వేదిక మీద స్టెల్లాకి కుర్చీ వేయించింది. చలపతిరావు చూసి చేతులు నడుం మీద పెట్టుకున్నాడు.

"మళ్లీ మీరేనా?"

అతని పెదాలు చదవడానికి పుణ్యవతికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. నవ్వుతూ ఏదో సైగ చేసింది.

"ఏమంటున్నారండీ ఆవిడ?"

"వచ్చే నెల గూడ వస్తదంట సార్," అంది స్టెల్లా.